పదకొండు మందిని అడిగాను

ఇబ్రహీంపట్నం,
3 ఆగస్టు 2017

ప్రియమైన అరుణా,

ఆ మొదటి మాట అలవాటు కొద్దీ రాశాను, పట్టించుకోకు. నాలుగు రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. కంపెనీ మెయిల్‌లో రాస్తే పదిమంది చదువుతారు. అందుకే మీ తుర్కయాంజాల్ ఇంటికి ఈ ఉత్తరం.

ఏప్రిల్‌లో విదేశీ కస్టమర్లు వచ్చినప్పుడు, విమాన భాగాలు కొలుస్తున్న నన్ను బల్ల దగ్గర నుంచి లేపి, నాది కాని మిషన్ పక్కన నిలబెట్టావు. తలమీద చున్నీ బాగా కనపడాలని నువ్వే సర్దావు. ఆ ఫొటో రావిర్యాల రోడ్డు మీద పెద్ద బోర్డయింది. కింద 'ఇక్కడ అందరికీ చోటుంది' అని రాశారు. బోరు మోటార్లు బాగుచేసే మా అబ్బా అటు పోతూ చూసి, బండి ఆపి ఫోన్ చేశాడు. "బేటీ, గా బోర్డు మీదున్నది నువ్వే గద! పెద్ద మేడమ్‌వైనవా?" అన్నాడు. అమ్మీ వాడంతా మిఠాయి పంచింది.

మొన్న లైన్ లీడర్ పోస్టు ధర్మేందర్‌కు ఇచ్చారు. అతనికి కొలతలు నేర్పింది నేను. కారణం చెప్పమని మేనేజర్ దివాకర్ సార్ దగ్గరికి వెళ్తే, ఆయన నా మీద రాసిన కాగితం నా వైపు తిప్పాడు. "నన్నడిగితే ఏం ఫాయిదా? నీ దోస్తే రాసింది, సదువుకో."

చదివాను. 'పనితనంలో లోపం లేదు. కానీ లైన్‌లోని మగవాళ్లు ఈమె మాట వినడం కష్టం. మతం వల్ల కూడా ఇబ్బంది రావచ్చు.' కింద హెచ్ఆర్ అధికారిగా నీ సంతకం.

మా ఇంట్లో మూడు రంజాన్లు ఇఫ్తార్‌కు కూర్చున్నావు. ఆ ఇబ్బంది నీకు అప్పుడు కనపడలేదా? రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకున్నాను. మా గడప ఇక తొక్కకు.

గజాలా

---

తుర్కయాంజాల్,
7 ఆగస్టు

గజాలా,

గడప సంగతి తర్వాత. నువ్వు ఈ కంపెనీలోకి ఎలా వచ్చావో గుర్తు చేసుకో. ఆడవాళ్లు తక్కువున్నారని, మైనారిటీలు అసలే లేరని మీటింగులో గొంతు చించుకున్నది నేను. అన్ని రకాల వాళ్లనూ చేర్చుకునే డైవర్సిటీ పని నా నెత్తిన పెట్టారు. రేపు లైన్‌లో గొడవైతే జవాబు చెప్పాల్సింది నేనే. నా మీద ఎన్ని కళ్లున్నాయో నీకేం తెలుసు?

నేను గాలికి రాయలేదు. లైన్‌లో వాళ్లను కనుక్కునే రాశాను. పదకొండు మందికీ ఇష్టం లేదు. నిజం చేదుగా ఉంటే నా తప్పు కాదు. రాజీనామా ఇస్తానంటే ఇవ్వు. బోర్డుకు ఇంకో మనిషి దొరుకుతుంది.

అరుణ

---

ఇబ్రహీంపట్నం,
26 ఆగస్టు

అరుణకు,

నీ ఉత్తరం చదివిన మర్నాడు భోజనాల వేళ క్యాంటీన్‌కు వెళ్లాను. ఆ పదకొండు మందికీ ఎదురుగా నిలబడి అడిగాను. "నా కింద పని చేయనన్నరంట. ఏం తప్పు జేసిన, ముఖం మీద చెప్పున్రి."

అందరిలో పెద్దవాడు జానయ్య లేచాడు. "మమ్ముల ఎవ్వలడిగిన్రు బిడ్డా? ఏ మేడమూ రాలే, ఏ సారూ రాలే. నువ్వు కొలిచిన మాల్ ఒక్కపారి గూడ వాపస్ రాలే. మాకింకేం గావాలె?"

వాళ్లలో మల్లా అనే అతనొక్కడే తల అడ్డంగా ఊపాడు. "నాకిష్టం లేదు. ఆడామె హుకుం జేస్తే నేనినాల్నా?"

నాకు అతని మీద కోపం రాలేదు అరుణా. అన్నవాడి ముఖం నాకు కనపడింది. నువ్వు మాత్రం పది మంది నోట లేని మాట తెచ్చి ఫైల్లో పెట్టావు. నా మాట వినలేనిది వాళ్లు కాదు, నువ్వు. నీ భయానికి వాళ్ల పేరు పెట్టావు.

నా కింద పని చేస్తామని పది మంది పెట్టిన సంతకాలతో దివాకర్ సార్ దగ్గరికి వెళ్లాను. ధర్మేందర్ కూడా వెంట వచ్చి, "సార్, కొలత తప్పితే నేనింకా గీ అక్కనే అడుగుతున్న" అని తానే చెప్పాడు. అతన్ని రెండో షిఫ్టుకు మార్చారు. మొదటి షిఫ్టు సోమవారం నుంచి నాది, ఆరు నెలలు చూస్తారట. చూడనీ. రాజీనామా చించేశాను. బోర్డు మీది ఫొటో తీసేయమని కూడా రాసిచ్చాను.

మల్లా నా షిఫ్టులోనే ఉంటాడు. వేరే లైన్‌కు మారుస్తామంటే వద్దన్నాను. అతనితో రోజూ పోట్లాడతాను, పని చేయిస్తాను. అది నాకు చేతనవుతుంది.

నీతో ఎలా ఉండాలో మాత్రం నాకు చేతకావడం లేదు.

గజాలా
మొదటి షిఫ్టు లైన్ లీడర్