తడవని కర్చీఫు

మంగళవారం, రాత్రి

తలుచుకుంటే ఇంకా నవ్వొస్తోంది. పొద్దున మూడో క్లాసు రేవతి వాళ్ళమ్మ బడి గుమ్మంలో కనిపించింది. పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేస్తామంటూ ఈ ఏడు చాలామంది మా తెలుగు బడి నుంచి టీసీలు పట్టుకుపోయారు. ఇక రేవతి వంతు అనుకున్నాను.

ఆమె టీసీ ఊసే ఎత్తలేదు.

"ఏం టీచరమ్మా, నా బిడ్డకి ఏం నేర్పించినారు మీరు? లారీ కాడ నిలబడి పట్టుకొచ్చిన నీళ్ళు! ఆ తొట్టిలో వాళ్ళ నాయన కర్చీఫు ముంచేసింది!"

నిన్న గాలి పాఠం చెప్పాను. గ్లాసు అడుగున కాగితం కుక్కి, బోర్లించి నీళ్ళలో ముంచి, తడవకుండా బయటికి తీసి చూపించాను. రేవతి ఇంట్లో చెంబూ కర్చీఫుతో అదే చేసిందట. లారీ వస్తేనే నీళ్ళు దొరికే మా తొండియార్‌పేటలో తాగేనీళ్ళు ఎంత అపురూపమో నాకు తెలియదా! తప్పు నాదేనని చెప్పబోయాను.

ఆమె గొంతు తగ్గించింది. "ఆ పిల్ల ముంచితే తడవలేదు. నేను ముంచితే తడిసిపోయింది. ఎందుకట్లా?"

చెంబు ఒరిగి ఉంటుంది, గాలి బయటికి పోయి ఉంటుంది అన్నాను.

"అవును, గుడగుడమనింది! సెరి, రేపు ఏం పాఠం?"

"అయస్కాంతం."

"అయ్యో, ఇంట్లో సూదులన్నీ దాచిపెట్టుకోవాల!"

వచ్చే ఏడు రేవతి మా బడిలో ఉంటుందో లేదో... ఏమో. సూదుల్ని మాత్రం వాళ్ళమ్మ దాచదు. రేపు సాయంత్రానికి ఆవిడే వెతికి బయటికి తీస్తుంది.