నీ షేర్లు అమ్మిన వైనం

అన్నా,

నీవు పోయి ఏడాది నిండిన సందర్భంగా, నీవు కొన్న పామాయిల్ కంపెనీ షేర్ల విషయమై ఈ క్రింది సంగతిని సవినయంగా నివేదిస్తున్నాను.

దమ్మపేట తోటలో బోరు ఎండిపోయింది. పామాయిల్ చెట్లు వాడిపోకముందే కొత్త బోరు వేయించాలని, వదిన నన్ను వెంటబెట్టుకొని ఖమ్మంలోని షేర్ల ఆఫీసుకు వెళ్లింది. కంపెనీ లాభం పెరిగిందని ఆ ఉదయమే పేపర్లో చదివి ధైర్యంగా వెళ్లాం. తీరా చూస్తే షేరు ధర పడిపోయింది.

"లాభమొస్తే ధర పడుడేంది సారూ?" అని వదిన ఆఫీసాయనను నిలదీసింది.

"లాభమొచ్చిందమ్మా. కానీ, షేర్లు కొనే జనం ఇంకా ఎక్కువొస్తదనుకున్నరు. పైగా బ్యాంకులన్నిటికి పెద్ద బ్యాంకు వడ్డీ పెంచింది, మార్కెట్ల పైసలు ఆడ్తలేవు. కొన్నాళ్లు ఆగుండ్రి."

"మిర్చి యార్డుల పొద్దుగాల జెండా పాటల వేలం పాడి ధర కట్టేటోని మొకమన్నా కనబడ్తది, తిట్టుకోనీకె. నీ జనం ఏడుంటరు? కొన్నాళ్లు ఆగుమని మా తోటకు గూడ చెప్పమను!"

ఆ జనం చిరునామా ఆఫీసువారి వద్ద లభ్యం కాలేదు. ఏనాడూ పామాయిల్ గెల కోయనివారు, కంపెనీ ఎంత సంపాదించాలో తమలో తాము తీర్మానించుకొని, ఆ ఆశ తీరనందుకు జరిమానా నీ భార్యకు విధించారు. దీనిపై నా తీవ్ర అభ్యంతరాన్ని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

వదిన ఆ ధరకే అమ్మేసింది. బోరులో నీళ్లు పడ్డాయి. కొన్ని నెలలకే వడ్డీ తగ్గి, డబ్బు మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. కంపెనీలో కొత్తగా ఏమీ జరగకుండానే షేరు ఎగిరింది. ఈ సంగతి వదినకు తెలియజేయలేదు. ఎవరితోనైనా చెప్పుకోవాలి గనుక నీకు తెలియజేస్తున్నాను.

నీ తమ్ముడు