టీ క్లబ్బులో వణికిన చేయి

ఆదివారం రాత్రి, పెనుకొండ

తోటి టీచరు సరళ మాట కాదనలేక ఈరోజు హిందూపురంలో వాళ్ల టీ క్లబ్బులో చేరాను. విక్టోరియా రాణి కాలపు తరహా అట. అందరూ పొడవాటి గౌన్లు, లేసు గ్లోవ్సు, పూల టోపీలు. కాసేపు నాకూ సరదాగానే అనిపించింది.

పల్చటి పింగాణీ కప్పు సాసరుతో సహా చేతికిచ్చారు. నా కుడిచేయి వణికి కప్పు టకటకలాడింది. అందరూ నా వైపు చూశారు. "ఏసీ చలి" అన్నాను. ఎవరూ నమ్మినట్టు లేదు.

పక్కన కూర్చున్న నూర్జహానక్క సాసరు మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టింది. "మా ఆయనకి గూడా ఇట్లనే మొదలైండె. డాక్టరుకు చూపిచ్చుకున్యావా?" అని చెవిలో అడిగింది. లేదన్నాను.

"ఇంట్లో తెలుసా?"

దానికీ లేదనే చెప్పాను.

"ఇంగ దాచద్దమ్మా" అంది.

ఉగాది నుంచి దాస్తున్నాను. గీతలు వంకర పోతున్నాయని ముగ్గు వేయడమే మానేశాను. ఇక బోర్డు మీద రాత ఎన్నాళ్లు సాగుతుందో...

ఇంట్లో అన్నాలయ్యాక మా ఆయన నవ్వుతూ "ఎట్లుండాది మీ క్లబ్బు?" అని అడిగారు. చేయి చాపి చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎప్పట్నుంచి?" అని ఒక్క మాటే అడిగి, నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు.

అంత గట్టిగా పట్టుకున్నా వణుకు ఆగలేదు. ఆయన వదల్లేదు.