ఎర్ర పళ్ళపొడి

ఏవండీ,

మంచి నిద్రలో ఉన్నారని లేపలేదు. సాయంత్రం నాలుగింటికి పళ్ళ డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్ళండి, మీ పేరు రాయించాను. కుట్టుపని రేపు చూసుకోవచ్చు. షుగర్ మాత్ర అన్నానికి ముందే వేసుకోండి. అన్నం మెత్తగా వండాను, పెద్దగా నమలక్కర్లేదు.

మీరు ఎర్ర పళ్ళపొడికి ఎందుకు మారారో ఈ పొద్దున అర్థమైంది. ఉమ్మితే రక్తం కనబడదు. కానీ దిండు గలీబు ఉతికేది నేనే కదా. నిన్న మీ రిపోర్టు చూపించడానికి నేనొక్కదాన్నే వెళ్ళినప్పుడు షుగర్ డాక్టరమ్మ మీ చిగుళ్ళ సంగతి అడిగితే తెల్లమొహం వేశాను. షుగర్ చిగుళ్ళను పాడుచేస్తుందట, పాడైన చిగుళ్ళు షుగర్‌ను దిగనివ్వవట. అది దిగడం లేదని నేనేమో నెల రోజులుగా మీ కంచంలో అన్నం తగ్గిస్తూ వచ్చాను. మీరు ఆకలనీ అనలేదు, నొప్పనీ అనలేదు. చెప్పకుండానే అన్నీ కనిపెట్టే ఓపిక నాకిక లేదండీ.

మరిచిపోయాను. మిషను మీద చిన్న కత్తెర పెట్టాను, దారం పళ్ళతో తెంపకండి. నిన్న మీరు చిరుగు కుట్టిచ్చిన నా యూనిఫాం మీద, ఆ కుట్టు పక్కనే ఎర్రటి చుక్క ఉంది. ఉతికే టైము లేదు, అలాగే వేసుకుని వెళ్తున్నాను. ఎవరైనా అడిగితే నా రక్తమే అంటాను.