బావ కాలు కదిలిందని రాశావు

అక్కా,

నీ మరిది తెచ్చిన చీటీ చదివాను. బావ మెదడు పూర్తిగా పోయిందనీ, ఊపిరి యంత్రం తీసేస్తామనీ డాక్టర్లు అంటున్నారనీ, నువ్వు అరికాలు గీరితే మాత్రం బావ కాలు వెనక్కి లాక్కున్నాడనీ రాశావు. "ఇరవై ఏళ్లుగా కాలేజీ ల్యాబులో జంతువుల మధ్యే ఉన్నావు కదరా, నువ్వే చెప్పు. ఆయన ఉన్నట్టే కదా?" అని అడిగావు.

మెదడు తీసేసిన కప్ప కాలికి యాసిడ్ చుక్క తగిలినా, టక్కున కాలు లాక్కుంటుందక్కా. ఆ పని వెన్నుపాము ఒక్కటే చేస్తుంది. కప్పకేమీ తెలియదు. బొద్దింకకైతే ఒంటి పొడవునా నరాల ముడులుంటాయి, తల పోయినా కొన్నాళ్లు బతుకుతుంది. మనిషికి ఆ వీలు లేదు. ఊపిరి తీయించేదీ, నిన్ను గుర్తుపట్టేదీ తలలోనే ఉన్నాయి.

నేనే పొరబడ్డానేమోనన్న ఆశతో నీ చీటీ మా లెక్చరరు మేడంకి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "మీకు తెలిసిందే నిజమండీ. ఇంక నన్నడక్కండి" అన్నారు.

బావ నన్ను "కప్పల డాక్టరూ" అని ఆటపట్టించేవాడు. ఆ డాక్టరు చెప్పాల్సిన మాట ఇదవుతుందనుకోలేదు. అక్కడి డాక్టర్లు చెప్పింది నిజమే.

నీ ముఖం చూస్తూ చెప్పలేక రాస్తున్నాను. నీ మరిదితో నేనూ బయల్దేరుతున్నాను. నువ్విది చదివే వేళకు గది బయట బెంచీ మీద ఉంటాను. తిట్టడానికైనా సరే, పిలువు.

నీ తమ్ముడు