అక్క కోటు చేతులు

మార్చి 3, సోమవారం
నేను పనిచేసే బట్టల ఆల్టరేషన్ షాపులో ఇవాళ ఎవరూ నాతో గొడవపడలేదు. నేనూ ఎవరితోనూ పడలేదు. రెండోదే విశేషం.

మార్చి 5, బుధవారం
మాట్లాడుతుంటే డాక్టరమ్మ ఆవలించింది. అంతే, నేనంటే విసుగు పుట్టిందని తేల్చేశాను. ఇంక రానని మొహం మీదే చెప్పేశాను. ఆవిడ నవ్వింది. వాళ్ల పాపకి పళ్లొస్తున్నాయట, రాత్రంతా నిద్ర లేదట.

నా జబ్బు పేరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. పేరు పెద్దది, పని ఒక్కటే: గోరంతని కొండంత చెయ్యడం. ఇదివరకు ఒక డాక్టరు పెళ్లి చేస్తే కుదురుతుందన్నాడు. ఇంకొకాయన ఆడపిల్లకి ఇంత కోపమేంటన్నాడు. ఈవిడ మాత్రం, నీకు బాధ తొందరగా ఎక్కుతుంది, ఆలస్యంగా దిగుతుంది, అంతేగానీ నువ్వు చెడ్డదానివి కావు అంది. ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాను. దించుకోవడం నేర్చుకోవచ్చట. నేర్చుకుంటున్నాను. వారం వారం నాలాంటివాళ్లతో గ్రూపు క్లాసు, ఇంట్లో హోంవర్కు. ఈ వయసులో హోంవర్కేంట్రా భగవంతుడా!

మార్చి 9, ఆదివారం
అక్కకి ఆఫీసువాళ్లు వేరే ఊళ్లో ట్రైనింగ్ వేశారు. మూడు వారాలు. ఇలాంటిదే ఒకసారి మధ్యలో వదిలేసి వచ్చింది, నేను ఆసుపత్రిలో చేరానని. ఇంకోసారి అసలు ఒప్పుకోలేదు. ఈసారీ వద్దంటే ప్రమోషన్ గోవిందా. వెళ్లనా అని అడిగింది. అడిగేటప్పుడు నా మొహం చూడలేదు. వెళ్లు, నేనేం చంటిపిల్లనా అన్నాను.

మార్చి 13, గురువారం
ట్రైనింగ్‌కి కొన్న కొత్త కోటు చేతులు పొడుగయ్యాయని, కురచ చెయ్యమని అక్క నాకిచ్చింది. తర్వాత అలమరా మీంచి పెట్టె దించింది. పాట పాడుకుంటూ దించింది! నన్ను వదిలించుకోవడానికి అంత సంబరమా?

అదే రోజు, సాయంత్రం
కోటు చేతులు రెండూ మణికట్టు దగ్గర మూసి కుట్టేశాను. మెషిన్ మీద, డబుల్ కుట్టు. ఎలా వెళ్తుందో చూద్దామని.

డాక్టరమ్మ రూలు ఏంటంటే, తనకి ఫోన్ చెయ్యాల్సింది ఇలాంటి పని చెయ్యబోయే ముందు, చేశాక కాదు. నేను కుట్టేశాకే చేశాను. ఆవిడ తిట్టలేదు. ఏం జరిగిందో, నువ్వేం అనుకున్నావో విడివిడిగా చెప్పమంది. జరిగింది: అక్క పాట పాడింది. మిగతాదంతా నా సొంత కవిత్వం. అక్కకి నువ్వే చెప్పు అంది.

మార్చి 14, శుక్రవారం
కుట్లు విప్పకుండానే కోటు అక్క చేతిలో పెట్టి చెప్పేశాను. అక్క కోటులో చెయ్యి దూర్చి ఆగిపోయింది. ఇంక వెళ్లదనుకున్నాను. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది, సిగ్గులేనిదాన్ని.

అక్క ఆ కుట్టు చాలాసేపు చూసింది. పోయినసారి నా బట్టలు కత్తెరతో ముక్కలు చేశావు, ఈసారి కుట్టావు, కుట్టు విప్పుకోవచ్చులే అంది. అని ఫక్కున నవ్వింది. నాకూ ఆగలేదు. కోటు చెరో చెయ్యి పట్టుకుని దారాలు లాగాం. నాకు భయంగా ఉందే అక్కా అన్నాను. నాకూ భయమేనే, అయినా వెళ్తాను అంది. నాకు కోపం రాలేదు. రానందుకు ఆశ్చర్యపోయాను.

మార్చి 17, సోమవారం
వెళ్లింది.

మార్చి 20, గురువారం
అక్క ఫోన్ ఎత్తలేదు. పనిలో ఉందేమో అనుకున్నాను. అనుకోవడమే కాదు, నమ్మాను. అన్నం తిని గిన్నెలు కడిగేశాను.