అలిడా మడి మీద రోటవేటరు

లేక్ టౌన్, మిషిగన్
మే 12, 1986

మిత్రుడు హెర్మన్‌కి,

నువ్వూ ట్రీనా ఆ దేవుడి దయవల్ల ఆరోగ్యంగా ఉన్నారనే తలుస్తాను. ఇక్కడ నా మోకాలూ, ట్రాక్టరూ రెండూ బాగానే ఉన్నాయి. పనే లేదు. మే నెలలో నా రోటవేటరు కొట్టంలో ఖాళీగా పడి ఉండటం ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి.

ఈ రోడ్డులో ప్రతి ఇంటి పెరడూ నేనే దున్నేవాణ్ణి. ఓ కప్పు కాఫీ, ఓ ముక్క ఆపిల్ కేకు పెడితే చాలనేవాణ్ణి. ఈసారి పక్కింటి ముసలాయన కూడా పార పట్టుకుని తవ్వుకుంటున్నాడు. అడిగితే, "నీకెందుకులే గెరిట్ శ్రమ" అని తల తిప్పుకున్నాడు.

ఏప్రిల్ మధ్యలో నువ్వే కదా ఫోన్ చేసి, "వెనక మడి కలుపు పట్టి పాడుబడిందిరా, లోతుగా రెండుసార్లు తిప్పెయ్" అన్నది? ఏటా పాత వేళ్ల నుంచే లేచే ఆస్పరాగస్ కూర పిలకలు ఆ రోజుల్లో ఇంకా నేల పైకి రావు. పైన చూస్తే మడికీ బీడుకీ తేడా తెలియదు. నీ మరదలు అలిడా ఆస్పరాగస్ మడి వాగు పక్కన ఉందనుకున్నాను. నీ నేల నీకు తెలియదా అనుకుని వచ్చాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

నాతో నువ్వు దున్నించింది మీ తమ్ముడు క్లారెన్స్ నీ మాట మీద నీ నేలలో వేసుకున్న మడి. నాటిన మూడేళ్లకు గానీ కోతకు రాని పంట. వాడు పోయాక అలిడా బతుకుతున్నదే దాని మీద. మడి ఖాళీ చెయ్యమని మరదలి మొహం మీద అడగడానికి నీకు నోరు రాలేదు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. అందుకని నా భుజం మీద తుపాకీ పెట్టి కాల్చావు.

అదైనా ఓర్చుకునేవాణ్ణేమో. చర్చిలో కాఫీ తాగుతూ అందరితో, "హద్దు చూపించే వెళ్లాను. పాపం, గెరిట్‌కి చూపు ఆనట్లేదు" అన్నావట! నలభై ఏళ్ల స్నేహంరా మనది. సిగ్గనిపించలేదా?

ప్రసంగం మొదలవగానే బెంచీ వెంట పెప్పర్‌మెంట్లు చేతులు మారతాయి కదా. నిన్న అలిడా నన్ను దాటించి చెయ్యి చాచి అవతలివాడికి ఇచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది.

వచ్చే ఆదివారం అదే కాఫీ బల్ల దగ్గర నిలబడి, "దున్నమన్నది నేనే" అని చెప్పు. నీ నుంచి నాకింకేమీ అక్కర్లేదు.

నిన్ను నమ్మినవాడు,
గెరిట్

తా.క.: పైన రాసిందంతా నిజం. కానీ నిజమంతా రాయలేదు. మొదటి వరసకే రోటవేటరు పళ్లకు తెల్లటి వేళ్లు గుత్తులుగా చుట్టుకున్నాయి. దిగి చేత్తో లాగాను. అవేమిటో, అది ఎవరి మడో అప్పుడే తెలిసింది. అప్పటికి పోయింది ఒక్క వరసే, తక్కినదంతా బతికే ఉంది. నీకేసి చూశాను. కానివ్వమని కంచె దగ్గర నుంచి చెయ్యూపావు. నీతో చెడుతుందని మళ్లీ ఎక్కాను. రెండుసార్లూ తిప్పాను. ఇప్పుడు అలిడా ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పబోతున్నాను. ఈ ఉత్తరం పోస్టు చేసేది ఆ తర్వాతే.